తప్పిపోయిన చుట్టం

ముందుగా ఉత్తరం ముక్క రాయకుండా ఊడిపడే చుట్టాలు కొందరుంటారు. కాఫీ చల్లారే లోపునే మళ్లీ రైలెక్కుతారు. ఎక్కడికి పోయారో, తిరిగి ఎన్నడొస్తారో ఎవరికీ అంతుపట్టదు. ఆకాశంలోనూ అటువంటి చుట్టం ఒకటుంది. దాని పేరు హెర్మిస్.

1937 అక్టోబరు 28న జర్మనీలోని హైడెల్బర్గు వేధశాలలో కార్ల్ రైన్‌ముత్ అనే ఆయన తీసిన ఫోటో ప్లేటు మీద పొడుగాటి గీత ఒకటి పడింది. నక్షత్రాలైతే చుక్కలుగా పడతాయి. గీత పడిందంటే ఏదో దగ్గరగా, వడిగా పోతున్నదన్నమాట. అది ఒక గ్రహశకలం. ఈ జాతిలో చాలా భాగం కుజుడికీ బృహస్పతికీ నడుమ తమ దారిన తాము తిరుగుతుంటాయి. ఇదో, మనకు 7 లక్షల 40 వేల కిలోమీటర్ల దూరంలో దాటిపోయింది. చంద్రుడి దూరానికి అది రెట్టింపు కూడా కాదు!

నాలుగైదు రోజులు కనిపించి మాయమైంది. గ్రీకుల దేవదూత పేరు పెట్టారు గాని, మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పగలవారు లేకపోయారు.

ఎందుచేత? ఈ కథలో నన్ను ఆకట్టుకున్న ముక్క ఇదే. కక్ష్య సరిగా లెక్కగట్టాలంటే ఆ వస్తువు ఏ రోజు ఎక్కడున్నదో వారాల తరబడి గుర్తులు పెట్టుకోవాలి. నాలుగు రోజుల గుర్తులతో కక్ష్య గీయడం, బాటసారి నాలుగడుగులు చూసి ఏ ఊరు పోతున్నాడో చెప్పడం వంటిది. రోజుకు ఒక నిమిషం తప్పే గడియారం రెండు నెలలకు గంట తప్పుతుంది. ఇక్కడా అంతే. మొదటి లెక్కలోని చిన్న తేడా చుట్టుచుట్టుకూ పెరిగి, ఎక్కడ వెదకాలో తెలియకుండా చేసింది. పైగా భూమి, శుక్రుడు దగ్గరపడినప్పుడల్లా దాని దారిని కొంచెం వంచుతుంటాయి.

66 ఏళ్లు గడిచాయి. 2003 అక్టోబరు 15న అమెరికాలోని ఆరిజోనాలో, లోవెల్ వేధశాలకు చెందిన బ్రయన్ స్కిఫ్ దాన్ని మళ్లీ పట్టుకున్నాడు. పాత గుర్తులకు కొత్తవి కలిపితే చిక్కుముడి విడిపోయింది. సూర్యుని చుట్టూ ఒక ప్రదక్షిణకు దానికి పట్టేది 2 సంవత్సరాల నెలన్నర. అంటే మనం వెదికినన్నాళ్లూ అది 31 చుట్లు తిరిగిందన్నమాట! సూర్యునికి చేరువైతే 9 కోట్ల 30 లక్షల కిలోమీటర్లు, శుక్రుడి కన్నా లోపలికి. దూరమైతే 40 కోట్లు, కుజుడిని దాటి ఆవలికి. భూమి ఉండేది 15 కోట్ల దూరంలో గనుక రాకలోనూ పోకలోనూ ఆ దూరాన్ని దాటక తప్పదు. అయితే అది వచ్చే వేళకు మన భూమి సాధారణంగా మరెక్కడో ఉంటుంది.

అప్పట్లో ప్యూర్టోరికోలో ఉన్న ఆరెసిబో రేడార్‌తో చూస్తే మరో వింత తెలిసింది. అది ఒకటి కాదు, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట!

అదే లెక్కను వెనక్కు నడిపితే ఇంకొక సంగతి బయటపడింది. 1942 ఏప్రిల్ నెలాఖరున హెర్మిస్ మునుపటి కన్నా దగ్గరగా, సుమారు 6 లక్షల 30 వేల కిలోమీటర్లలో వచ్చి పోయింది. లోకమంతా యుద్ధంలో మునిగి ఉన్నది. ఆ నెల 6వ తేదీన విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. మన తీరంలో జనం ఆకాశం వంక బిక్కుబిక్కుమంటూ చూసినది విమానాల కోసమే. ఈ చుట్టం వచ్చినట్టు ప్రపంచంలో ఏ ఒక్కరికీ తెలియలేదు.

తెలిసి ఉంటే ఏం చేసేవారని అడగవచ్చు. అప్పట్లో చేయగలిగినది లేదు. ఇప్పుడు మాత్రం దాని రాకపోకలు మన లెక్కలో ఉన్నాయి, ఈ శతాబ్దంలో దానివల్ల భయం లేదు. వస్తాడని తెలిసిన చుట్టానికి మంచం వాల్చి ఉంచవచ్చు. రాడని తెలిస్తే తలుపు గడియ వేసుకుని హాయిగా నిద్రపోవచ్చు.