కార్డు మీద రాసేస్తే కథ అయిపోతుందా?

‘కూలీల హాజరు ఫోటోతో సహా ఫోన్లో నమోదు కావాలి.’

సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో ఇదొక యూజర్ స్టోరీ. అంటే, వాడేవాళ్లకు ఏం కావాలో ఒక్క ముక్కలో చెప్పే కథ. చిన్న కార్డు మీద రాసి, ఏసీ గదిలో గోడకు అంటిస్తే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. రెండు వారాల్లో ప్రోగ్రాం కూడా తయారైపోతుంది. ఇప్పుడా కార్డును పట్టుకుని సీతంపేట కొండల్లోకి వెళ్దాం. శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చిన ఏజెన్సీ మండలం అది. సవరలు, జాతాపుల గూడలు. పోడు, జీడి, అనాస. కొండ వాలులో కందకం తవ్వుతున్న పాతికమంది కూలీలు. వాళ్ల మేట్ చేతిలో ఒక ఫోన్.

‘‘సిగ్నల్ నేకపోతే ఏటి సెయ్యాల సారూ?’’ అని ఆ అమ్మాయి అడిగిందనుకోండి. కార్డు మీద దానికి జవాబు లేదు.

కార్డు తప్పు కాదు. దాన్నే పూర్తి కథ అనుకోవడమే తప్పు.

వెనకటికి సాఫ్ట్‌వేర్ చేయాలంటే ముందు వందల పేజీల పత్రం రాసేవారు. సంతకాలయ్యేవి. ఏడాది తర్వాత సరుకు చేతికొచ్చేసరికి అడిగినవాళ్ల అవసరమే మారిపోయేది. ఈ బాధ పడలేకే 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది నిపుణులు కూర్చుని ‘ఎజైల్’ ప్రకటన రాశారు. కొంచెం కొంచెంగా చేద్దాం, వాడేవాళ్లకు చూపిద్దాం, దిద్దుకుందాం అన్నది దాని సారం. పత్రాలు వద్దని వాళ్లేమీ అనలేదు. మనవాళ్లు చాలామంది మాత్రం అలాగే అర్థం చేసుకున్నారు. రాసే పని తప్పిందని సంతోషించి, అడిగే పని కూడా మానేశారు!

వారిలో ఒకరైన రాన్ జెఫ్రీస్ అదే ఏడాది ఒక మాట చెప్పాడు. యూజర్ స్టోరీకి మూడు భాగాలుంటాయట. కార్డు, దాని గురించి జరిగే సంభాషణ, పని సరిగ్గా అయిందని తేల్చే రుజువు. కార్డు అనేది మాట్లాడుకోవాలని గుర్తు చేసే చీటీ మాత్రమే. చాలా ఆఫీసుల్లో మొదటిది ఉంటుంది, మిగతా రెండూ ఉండవు.

సీతంపేటలో ఆ సంభాషణ జరిగితే ఏమేం బయటపడతాయి?

మొదట పేర్లు. సవరల్లో చాలామందికి రికార్డుల్లో ఇంటిపేరు చోట ‘సవర’ అనే ఉంటుంది. ఒకే గూడలో ఒకే పేరున్నవాళ్లు ముగ్గురుంటే, తెర మీద ముగ్గురూ ఒకటే. పక్కన తండ్రి పేరో భర్త పేరో కనబడకపోతే ఒకరి కూలి ఇంకొకరికి పడుతుంది. గదిలో కూర్చున్న కుర్రాడికి ఇది తట్టదు. తట్టలేదని అతన్ని తిట్టనూ లేం. ఎవరూ చెప్పలేదు మరి.

తర్వాత లెక్క. సవర భాషలో పన్నెండు దాకా పేర్లుంటాయి. పదమూడు అంటే ‘పన్నెండూ ఒకటీ’. ముప్ఫయి మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ఆ లెక్కలో పెరిగిన పెద్దావిడకు ‘ఈ వారం మీ పని దినాలు’ అంటూ ఫోన్ తెర మీద అంకె చూపితే చాలా, చదివి వినిపించాలా? ఇదీ రిక్వైర్‌మెంటే.

ఇక సిగ్నల్. ఉపాధి హామీ పనుల్లో హాజరు తీసుకునే ఎన్ఎంఎంఎస్ యాప్‌ను కేంద్రం 2021లో తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి అన్ని పనిచోట్లా తప్పనిసరి చేసింది. రోజుకు రెండు ఫోటోలు, తీసిన చోటు గుర్తుతో సహా. కొండ ప్రాంతాల నుంచి నెట్‌వర్క్ ఇబ్బందులు వచ్చాయి. నెట్‌వర్క్ లేనప్పుడు హాజరు, ఫోటోలు ఫోన్లోనే ఉంచి, అందాక పంపే వీలు కల్పించారు. మొదటి ఫోటో తర్వాత నాలుగు గంటలకే రెండోది తీసుకోవచ్చన్నారు. అసాధారణ పరిస్థితుల్లో చేతిరాత హాజరును ఎక్కించే అధికారం జిల్లా ప్రోగ్రాం కోఆర్డినేటర్‌కు ఇచ్చారు. గమనించారా? ఈ మూడూ ఒక మేట్‌తో అరపూట పనిచోట కూర్చుంటే ముందే తెలిసే సంగతులు. ఎజైల్‌లో దిద్దుబాటు మామూలే. కానీ దిద్దేలోగా పోయిన హాజరు ఆఫీసులో ఒక ‘బగ్’, గూడలో ఒక రోజు కూలి.

అందుకే మూడో భాగం, రుజువు, ముందే రాసుకోవాలి. పెద్ద విద్యేం కాదు. ‘సిగ్నల్ లేని గుట్ట మీద పాతికమంది పని చేస్తున్నారు. మేట్ ఫోటో తీసింది. సాయంత్రం కిందికి దిగాక పాతిక హాజర్లూ అదే తేదీతో చేరాలి.’ చేరితే పని అయినట్టు, లేకపోతే కానట్టు. మధ్యలో వాదన ఉండదు. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే, వాన పడితే, మేట్ మారితే... ఒక్కోదానికి ఒక్కో రుజువు. ఇలా రాస్తుంటే కార్డు చిన్నదని, రెండుగా విడగొట్టాలని తెలిసిపోతుంది.

ఈ రుజువు చూసే పద్ధతి మన రాష్ట్రానికి కొత్తేం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ లెక్కల కోసం టీసీఎస్ సాఫ్ట్‌వేర్ తయారు చేసింది. దాంట్లోంచి తీసిన మస్టర్లను సామాజిక తనిఖీ బృందాలు ఊళ్లకు తీసుకెళ్లి, గడప గడపా తిరిగి, గ్రామసభలో పైకి చదివి వినిపించేవి. ‘నువ్వు పని చేసినట్టు ఉంది, చేశావా?’ సాఫ్ట్‌వేర్ పుస్తకాల్లో దీన్ని అంగీకార పరీక్ష అంటారు. కాకపోతే ఇక్కడ డబ్బు చేతులు మారాక చేసేవారు.

వాడేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవడం అంటారా, 1990ల్లో క్రిస్లర్ కంపెనీ జీతాల ప్రాజెక్టులో కెంట్ బెక్ చేసింది అదే. (ఆ ప్రాజెక్టును 2000లో ఆపేశారు, అది వేరే సంగతి.) ఈ కొండల్లో అంతకన్నా ముందే ఒకాయన ఆ పని చేశారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తికి సవరల పిల్లలకు చదువు చెప్పించాలనిపించింది. తెలుగు వాచకం పట్టుకుని బయల్దేరలేదు. ముందు సవరలు చెప్పేది విన్నారు, ఆ భాష నేర్చుకున్నారు, తర్వాతే వాళ్ల భాషలో వాచకాలు రాశారు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఎజైల్ రెండు వారాల గడువు పెడుతుంది, ఆయనకు దశాబ్దాలు పట్టింది. ఇప్పుడంత టైం ఎవరూ ఇవ్వరు. అరపూట అడిగితే ఇస్తారు.

మళ్లీ మన కార్డు దగ్గరికొద్దాం. పేర్లు దిద్దారు, సిగ్నల్ లేకపోయినా పనిచేసేలా చేశారు, అంకెలు చదివి వినిపించే ఏర్పాటూ చేశారు. వెనక్కి తిప్పితే ఇంకొంచెం చోటుంది. ఉపాధి హామీ చట్టంలో కూలి 15 రోజుల్లో అందాలని రాశారు. పదహారో రోజున డబ్బు పడకపోతే ఆ పెద్దావిడ ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఏ కాగితం చూపించాలి? ఆ అడిగింది ఏ తెర మీద, ఎవరికి కనబడాలి?

అక్కడ ఇంకా ఎవరూ ఏమీ రాయలేదు.