చెరువుగట్టు మాస్టారికి జీతమివ్వండి

ఆహారపు గొలుసు గురించి రాయమంటే మన పిల్లలు ఒక్క మార్కు కూడా పోనివ్వరు. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని బాణం గుర్తులతో సహా వేసి చూపిస్తారు. తొలకరి పడ్డ నాలుగు రోజులకు బడిగోడ అవతల నీళ్ళు నిలిచిన పల్లంలో ఆ అయిదూ ఉంటాయి. గద్ద బడి కప్పు మీదుగానే చక్కర్లు కొడుతుంటుంది. కానీ పిల్లల్ని గోడ దాటించి, ఆ పల్లం ఒడ్డున కూర్చోబెట్టి, పావుగంటసేపు మాట్లాడకుండా చూడండర్రా అని చెప్పే మనిషి మన బడుల జీతాల పట్టీలో లేడు. అలాంటి మనిషి అక్కర్లేదని మనమే తీర్మానించుకున్నాం. ఆ తీర్మానం మార్చమని అడగడానికే ఇది రాస్తున్నాను. మెత్తగా అడిగే ఓపిక నాకు లేదు.

పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చేయమని సుప్రీంకోర్టు చెప్పింది 1991లో, న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో. అమలు ఏమైందని 2003లో మళ్ళీ రాష్ట్రాలను నిలదీసింది. మనం చేసిందేమిటంటే పుస్తకం అచ్చువేయడం. డిగ్రీలో ఆర్నెల్ల పేపరు పెట్టాం. పిల్లలు దానికి గైడు కొనుక్కుని పరీక్ష ముందురోజు రాత్రి చదివేస్తారు. నేషనల్ గ్రీన్ కోర్ పేరుతో దేశంలో లక్షకు పైగా బడుల్లో ఎకో క్లబ్బులు పెట్టారు. ఆ క్లబ్బు బాధ్యత ఎవరి నెత్తిన పడింది? ఎన్నికల డ్యూటీ, సర్వేలు, మధ్యాహ్న భోజనం ఫొటోలు అప్పటికే మోస్తున్న సైన్సు టీచరు నెత్తిన. ఆమె పర్యావరణ దినోత్సవం పేరుతో ఒక మొక్క నాటించి, మరో ఫొటో పంపుతుంది. ఆమెను నేను తప్పుపట్టను. ఆమెకు తోడు ఒక మనిషిని ఇవ్వని ప్రభుత్వాలను తప్పుపడతాను. మొక్క నాటిన లెక్క రాసుకుని, ఆ మొక్క మీద వాలేది ఏదో పిల్లలకు చూపించని పాలనను తప్పుపడతాను.

ఈ పని తెలిసినవాళ్ళు మనకు లేరా? ఉన్నారు. హైదరాబాదులో 1980లో పుట్టిన పక్షి పరిశీలకుల సంఘం ఇప్పుడు దక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. కొత్తవాళ్ళను వెంటబెట్టుకుని చెరువుల దగ్గరికి తీసుకెళ్ళడం దాని సభ్యులకు అలవాటైన పని. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి ఉన్నది కరువు నేల మీద. అక్కడ బడివాళ్ళు ఏళ్ళ తరబడి చెట్లు పెంచారు, గుట్టల మీద నీటిని నిలిపారు, వెళ్ళిపోయిన పక్షులు తిరిగొచ్చాయి. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించుకున్నారు. ఎస్. రంగస్వామి అక్కడ పక్షుల అధ్యయనానికి బాట వేశారు. ఇంట్లో ఉంటూనే పక్షిశాస్త్రం నేర్చుకునే కోర్సు కూడా ఆ బడి నుంచే వచ్చింది. విశాఖలో ఆటు సమయం చూసుకుని రాళ్ళ మధ్య మిగిలిన మడుగుల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళే కుర్రాళ్ళున్నారు. సముద్రమంటే బీచ్ రోడ్డు, మొక్కజొన్న పొత్తు అనుకున్న పిల్లలు అక్కడ సముద్రపు పువ్వు వేళ్ళు ముడుచుకోవడం చూసి కేకలు వేస్తారు. వీళ్ళలో చాలామంది సొంత పెట్రోలు పోసుకుని, సెలవురోజు వదులుకుని ఈ పని చేస్తున్నవాళ్ళే. మనం వాళ్ళకు శాలువా కప్పుతాం. శాలువాతో ఇంటి అద్దె కట్టలేరు.

ఇదేమంత పని అనే వాళ్ళకోసం ఒక మంచి ప్రకృతి మాస్టారు ఏం చేస్తారో చెబుతాను. ఆయన పిల్లల్ని నడిపించేది చాలా తక్కువ. ఒక తుమ్మచెట్టు కింద గంట గడుపుతారు. మొదట పేర్లు చెప్పరు. ఆ పిట్ట తోక ఎట్లా ఆడిస్తోంది, నీళ్ళలోకి దిగుతోందా, ఒడ్డునే తిరుగుతోందా, ఒంటరిగా ఉందా, జంటగా ఉందా అని అడుగుతారు. పిల్లలు చూసి చెప్పాక, అప్పుడు, ఇది బుడబుంగ, అది తీతువు అని చెబుతారు. ఆ పేరు ఇక పోదు, ఎందుకంటే అది వాళ్ళు చూసిన దానికి అంటుకుంది. తీతువు నెత్తిమీద తిరుగుతూ గోల చేస్తుంటే దాని గుడ్లు మన కాళ్ళ దగ్గరే ఎక్కడో గులకరాళ్ళలో ఉన్నాయని గ్రహించి పిల్లల్ని వెనక్కి నడిపిస్తారు. తెలియనిది అడిగితే తెలియదంటారు, రేపు మళ్ళీ చూద్దాం అంటారు. ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న ఎందరో టీచర్లు తరగతి గదిలో అనడానికి భయపడే మాట అది. ఆ మాట విన్న పిల్లకు సైన్సు అంటే ఏమిటో ఆ క్షణాన తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆయన అదే చెరువుకు మళ్ళీ మళ్ళీ తీసుకెళతారు. అలుగు పారేటప్పుడు, తూము తెరిచినప్పుడు, ఎండాకాలం అడుగు పగిలి నెర్రెలిచ్చినప్పుడు. ఏడాదికోసారి బస్సెక్కించి జూ చూపించుకొచ్చే విహారయాత్రకూ దీనికీ సంబంధమే లేదు.

దీనికి తర్ఫీదు కావాలి, ఓర్పు కావాలి, ఊరి మనుషులతో పొత్తు కావాలి. కలివికోడి కథ గుర్తు తెచ్చుకోండి. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదని, అంతరించిందని శాస్త్రజ్ఞులు రాసేసిన పక్షి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చిన భరత్ భూషణ్ ఊరూరా బొమ్మ చూపించి అడిగారు. రాత్రి పూట పొదల్లో దాన్ని పట్టి తెచ్చింది ఐతన్న అనే ఊరి మనిషి. పుస్తకాలు లేదన్న పక్షి ఆ నేల మీద తిరిగేవాళ్ళకు తెలుసు. ఇవాళ ఆ పక్షి తిరిగే లంకమల కొండల చుట్టుపక్కల బడుల్లో పిల్లలకు ఖండాంతరాల్లోని ధ్రువపు ఎలుగుబంటి తెలుసు. పొదల మధ్య రాత్రిళ్ళు కూసే పక్షిని ఎరిగిన పెద్దలు ఒక్కొక్కరే పోతున్నారు. వాళ్ళను పిలిచి, పిల్లల ముందు కూర్చోబెట్టి, ఆ గంటకు కూలి కట్టి ఇచ్చే ఏర్పాటు లేదు.

తెలుగువాళ్ళకు ఈ చదువు కొత్తేమీ కాదు. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రి కావాలి. మాచి, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, వావిలి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు. అమ్మమ్మ చెబితే పిల్లలు కంచెల వెంట పడి కోసుకొచ్చేవాళ్ళు. తప్పు ఆకు తెస్తే తిట్టి మళ్ళీ పంపేది. ఏడాదికొకసారి ఊరంతా రాసే వృక్షశాస్త్రం పరీక్ష అది. ఇప్పుడు బజార్లో పాలిథిన్ కవరులో ఏవో ఆకులు కుక్కి అమ్ముతారు. కొన్నవాళ్ళకు అందులో ఏముందో తెలియదు, అమ్మినవాళ్ళకూ తెలియదు. బతుకమ్మకు తంగేడు, గునుగు తేవడానికి గుట్టలెక్కిన అమ్మాయిల కూతుళ్ళు రంగులద్దిన గునుగు కట్టలు కొంటున్నారు. దసరా నాడు పాలపిట్టను చూడాలి. నగరంలో దాన్ని రెక్కలు కట్టేసి, బోనులో పెట్టి, డబ్బులకు చూపిస్తున్నారు. ఆ బోనులో చాలా పిట్టలు చస్తాయి. తెలంగాణ రాష్ట్రపక్షి అది. పొలం గట్టున కరెంటు తీగ మీద కూర్చుని, ఎగిరినప్పుడు మాత్రమే నీలాలు విప్పే ఆ పిట్టను ఏడాది పొడవునా చూసిన పిల్లాడు దాన్ని బోనులో చూడటానికి పది రూపాయలు ఇవ్వడు, పక్కవాణ్ణి ఇవ్వనివ్వడు.

పాములుంటాయి సార్, ఎవరు బాధ్యత వహిస్తారు అని ప్రిన్సిపాళ్ళు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే, కనుక సూటిగా జవాబిస్తాను. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్క కట్టింది. ఏటా సగటున 58,000 మంది. చావులు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వాళ్ళెవరూ ప్రకృతి పాఠానికి వెళ్ళి పోలేదు. పొలంలో, ఇంటి దగ్గర, చీకట్లో చెప్పుల్లేకుండా నడుస్తూ పోయారు. కట్లపాము కాటుకు నొప్పి ఉండకపోవచ్చని, నేల మీద పడుకున్నప్పుడే అది ఎక్కువగా కాటేస్తుందని, మంత్రం వేయించుకుంటూ గడిపిన ప్రతి గంటా ప్రాణం మీదికి తెస్తుందని బడిలో ఎవరూ చెప్పనందువల్ల పోయారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటినీ గుర్తుపట్టి దూరంగా జరగడం, జెర్రిపోతును చూసి కర్ర ఎత్తకపోవడం నేర్పడానికి ఒక్క సీజను చాలు. తమిళనాడులో ఇరుళ తెగవాళ్ళు 1978 నుంచి సహకార సంఘం పెట్టుకుని, పాముల విషం తీసి విరుగుడు మందు తయారీకి ఇస్తున్నారు. ఆ తెగకు చెందిన ఇద్దరు పాములు పట్టేవాళ్ళకు 2023లో పద్మశ్రీ వచ్చింది. మన యానాదులకు, చెంచులకు ఆ విద్య తెలియదా? వాళ్ళను మాస్టారూ అని పిలిచిన బడి ఏదైనా ఉంటే నాకు చూపించండి, వెళ్ళి దండం పెట్టి వస్తాను.

ఇక కార్పొరేట్ బడులు. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం బడికి ఆటస్థలం ఉండాలి. అపార్టుమెంటు మూడో అంతస్తులో, కిటికీకి రేకు కొట్టించి, పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు నడిపే బడికి ఆ చట్టం తగలదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపిన బడిపిల్లల్లో మూడేళ్ళలో 30.4 శాతానికి దూరపు చూపు మసకబారే హ్రస్వదృష్టి వచ్చింది. మామూలుగా చదివిన పిల్లల్లో 39.5 శాతానికి. 2015లో అచ్చయిన ఫలితాలివి. నలభై నిమిషాల ఆకాశం కళ్ళను కాపాడుతుందని తెలిసీ, ఐఐటీ ఫౌండేషన్ పేరు చెప్పి ఆరో తరగతి పిల్లకు ఆ నలభై నిమిషాలు ఇవ్వని యాజమాన్యాలది దోపిడీ. లక్షలు కట్టి ఆ దోపిడీని భరిస్తున్న తల్లిదండ్రులు ఒక్కసారి గట్టిగా నోరెత్తాలి.

తెలిసిన నేలను మనుషులు వదులుకోరు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో దూరం నుంచి వచ్చే గూడబాతుల్ని, ఎర్రకాళ్ళ కొంగల్ని ఊరివాళ్ళు పురిటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు. ఆ గూళ్ళకు ఊరే కాపలా. 2025 మార్చి చివర్లో హైదరాబాదు కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు మొదట అడ్డం నిలిచింది పక్కనున్న విశ్వవిద్యాలయం విద్యార్థులు. ఆ రాళ్ళలో ఏ తాబేలు ఉందో, ఏ చెరువు మీదికి ఏ పక్షి వస్తుందో వాళ్ళ క్యాంపస్ పరిశీలకులు ఏళ్ళుగా రాసిపెట్టి ఉంచారు. ఏమీ లేని బీడు భూమి అని చెప్పినవాళ్ళకు ఆ జాబితాలే జవాబు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించేసరికి వంద ఎకరాల దాకా చెట్లు పోయాయి. మిగిలింది మిగలడానికి ఒక కారణం, ఎవరో ఎప్పుడో నోటు పుస్తకంతో అక్కడ నడిచి ఉండటం. అదే మన ఊరి గుట్టను రాత్రికి రాత్రి కంకరగా మార్చినప్పుడు మన చేతిలో ఏ జాబితా ఉంది?

అలాంటి జాబితా ఉండాలని చట్టంలోనే ఉంది. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి పంచాయతీలో, మున్సిపాలిటీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి చెట్టూ చేమా పిట్టా పురుగూ రాసిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. పదిహేనేళ్ళు దాటినా చాలాచోట్ల పట్టించుకోలేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, దాటితే రాష్ట్రానికి నెలకు 10 లక్షలు జరిమానా అనేసరికి హడావుడిగా రాసేశారు. దేశంలో రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. మీ ఊరి రిజిస్టరు మీరు చూశారా? మీ ఊళ్ళో ఎవరైనా చూశారా? పంచాయతీ బీరువాలో తాళం వేసిన ఆ పుస్తకాన్ని బయటికి తీసి బడికి ఇవ్వండి. ఎనిమిదో తరగతి పిల్లలు గొర్రెల కాపరిని, చేపలు పట్టే మనిషిని, మందాకు తెలిసిన అవ్వను అడిగి, చూసి, దిద్ది రాయాలి. ఏటేటా అది పెరగాలి. పిల్లల చేతిరాతలో ఉన్నంత మాత్రాన దాని విలువ తగ్గదు.

దీనికి మనుషులు కావాలన్నది నా వాదన మొత్తం. రెండు రాష్ట్రాల్లో కలిపి మండలాలు సుమారు 1,300. మండలానికి ఇద్దరు ప్రకృతి ఉపాధ్యాయులు, అందులో ఒకరు స్థానికంగా ఆ నేల ఎరిగినవాళ్ళు, డిగ్రీ ఉన్నా లేకపోయినా. మనిషికి నెలకు 25,000 ఇచ్చినా ఏడాదికి 80 కోట్ల లోపే అవుతుంది. రెండు ప్రభుత్వాలూ పంచుకోవాల్సిన మొత్తం అది. డబ్బు లేదని చెప్పకండి. రోడ్ల మధ్య కోనోకార్పస్ మొక్కలు నాటించడానికి డబ్బు దొరికింది. చెట్లు తెలిసిన ఒక్క మనిషిని ముందు అడిగి ఉంటే ఆ మొక్క వద్దనేవాడు, ఆ డబ్బు మిగిలేది.

ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కర్లేదు. బడి విద్యాకమిటీలో తల్లిదండ్రులున్నారు, వాళ్ళకు తీర్మానం చేసే హక్కుంది. వచ్చే సమావేశంలో లేచి రెండు ప్రశ్నలు వేయండి, జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించండి: మా పిల్లల్ని వారానికోసారి చెరువు దగ్గరికి తీసుకెళ్ళేది ఎవరు, ఆ మనిషికి నెలకు ఎంత ఇస్తారు?