ఏకగ్రీవము

ఏకగ్రీవమనగా ఒకే మెడ కలది యని యర్థము. రోము చక్రవర్తియగు కలిగ్యులా యొకనాడు ప్రజలపై కినిసి, ఈ రోమనుల కందఱికిని ఒక్కటే మెడ యున్న నెంత బాగుండెడిదని వాపోయెనని చరిత్రకారుడు సూటోనియసు వ్రాసియున్నాడు. ఆ చక్రవర్తికి దొరకని మెడ మన పల్లెలలో బహుమానము పుచ్చుకొని మఱీ వంగుచున్నది. పంచాయతి యెన్నికలో పోటీ లేకుండ నొక్కనినే నిలిపి, ఓటుపెట్టె పెట్టకయే సర్పంచిని జేసికొన్న గ్రామమునకు ప్రభుత్వము ధన మిచ్చును. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశమున జరిగిన పంచాయతి యెన్నికలకు గట్టిన వెల యిది: రెండువేలలోపు జనులున్న యూరికి 5 లక్షల రూపాయలు, అయిదువేల వఱకు 10 లక్షలు, పదివేల వఱకు 15 లక్షలు, అంతకు మించినచో 20 లక్షలు. ప్రభుత్వము దీనిని ప్రోత్సాహక మనును. మేము వెల యనియే యందుము.

ఇది యే యొక్క పార్టీ తలపును గాదు. ఉమ్మడి రాష్ట్రము నేలిన ప్రభుత్వములును ఇట్టి పారితోషికములను ప్రకటించినవే. గుజరాతులో 2001 నుండి సమరస గ్రామమను పేర నిదే పద్ధతి నడచినది. కావున ఒక పక్షమును దిట్టి మఱియొక పక్షమును సంతోషపెట్టుట మా యుద్దేశము గాదని ముందుగనే మనవి చేయుచున్నాము.

మా చదువరులలో పలువురు ఈ బహుమానమును మెచ్చుకొందురని యెఱుగుదుము. వారి వాదము తేలికగ దీసివేయదగినది కాదు. ఎన్నిక వచ్చినచో అన్నదమ్ములు మాటలాడుకొనరు, సారా పాఱును, గెలిచినవాడు పెట్టిన ఖర్చు రాబట్టుకొన జూచును, ఓడినవాడు అయిదేండ్లును పగ బట్టును, పెద్దలు నలుగురు కూర్చుండి యొక మంచివానిని నిర్ణయించినచో నీ రోతయంతయు దప్పునుగదా యని వారందురు. ఎవరి బలిమియు లేక ఊరంతయు నొక్కనినే కోరుకొన్న మాకేమి యభ్యంతరము? పోటీ చేసి తీరవలెనని యెవనినైనను నిర్బంధించుటయు స్వేచ్ఛకు విరుద్ధమే. మా తగవు ఏకాభిప్రాయముతో గాదు, దానికి వెల గట్టుటతో.

వెల గట్టిన నాడే దాని స్వభావము మాఱిపోవుచున్నది. తోట్లవల్లూరు మొదలు దివిసీమ చివరి లంకవఱకు ఏ యూరినైనను దలచుకొనుడు. నామినేషను వేయదలచిన యొక యువకుడు మునుపు తన ప్రత్యర్థిని మాత్రమే యెదిరించువాడు. ఇప్పుడు ఊరికి రానున్న పది లక్షలను గూడ నెదిరించినవా డగుచున్నాడు. నీ మూలమున మన వీధికి సిమెంటు రాకపోయె నని పొరుగువారు, నీ మూలమున మురుగుకాలువ యాగిపోయె నని బంధువులు, చివరకు నీకెందుకురా యీ గొడవ యని కన్నతల్లియు వాని మీద బడుదురు. ఆ పది లక్షలెవ్వరివి? ఎరువు బస్తా మొదలుగా ఆ యూరివారు గొన్న వస్తువుల మీద గట్టిన పన్నులోనివే. వాని సొమ్ముతోడనే వాని నోరు గట్టుచున్నారు. ఓటుకు నోటు పుచ్చుకొన్నవాడు శిక్షార్హుడని చట్టము చెప్పుచున్నది. ఓటు వేయకుండుటకై ఊరంతటికిని నోటిచ్చు ప్రభుత్వమును గూర్చి మాత్రము చట్టము మౌనముగ నున్నది.

పోటీ మానిపించుటకు బెదిరింపులు జరుగవలదనియు, బలవంతపు టేకగ్రీవములను సహింపమనియు 2021లో రాష్ట్ర ఎన్నికల కమిషనరు నిమ్మగడ్డ రమేశ్‌కుమారుగారు హెచ్చరింపవలసి వచ్చెను. ఒకచేత బహుమానమును జూపుచు రెండవచేత బలవంతము వలదనుట యెట్టిదో చదువరులే యూహింతురుగాక. సర్పంచి పదవిని వేలము వేసి, దేవాలయమునకో ఊరుమ్మడి నిధికో ఎక్కువ పాడినవాని కప్పగించు వాడుకయు పత్రికలలో బలుమాఱు వచ్చినదే. అదియు నేకగ్రీవము క్రిందనే లెక్కకు వచ్చును.

ఇంటివారి సంగతి మఱియొకటి కలదు. మన పంచాయతులలో సగము పదవులు స్త్రీలవి. అయినను ఎవరు నిలువవలెనో తేల్చు రచ్చబండ మీద స్త్రీ కూర్చుండదు. మాలపల్లెవారు కూర్చుండినను అంచుననే కూర్చుందురు. ఏకగ్రీవము నచ్చట గుదిర్చి, సర్పంచి యైన యామె పేరు కాగితమునకును, పెత్తనము భర్తకును బంచిపెట్టుదురు. మామగారి మాటకు, మగని మాటకు, ఊరిపెద్ద మాటకు దలవంచు కోడలికి అయిదేండ్ల కొక్కమాఱు ఎవ్వరును దొంగిచూడరాని చోటొకటి దొరకుచున్నది. అది ఓటువేయు ఆ అట్టచాటు. అచ్చట నామె యేమి చేసినదో భగవంతునికి గూడ దెలియనక్కఱలేదు. ఏకగ్రీవము పేర మనము తీసివేయుచున్నది ఆ చాటునే. సంఘసంస్కరణమును గోరు కుటుంబములు దీని నెట్లు మెచ్చగలవో మాకు బోధపడకున్నది.

కొందఱు గోరాగారి పేరెత్తుదురు. ఆయన మా మండలమున ఉయ్యూరు చెంతనున్న ముదునూరులో 1940లో నాస్తికకేంద్రమును స్థాపించి, 1947లో దానిని బెజవాడ పటమటకు మార్చి, 1975లో కన్నుమూయువఱకు పార్టీరహిత ప్రజాస్వామ్యమును బోధించెను. పంచాయతి యెన్నికలలో పార్టీ గుర్తు లుండరాదను నియమ మాయన తలపునకు దగ్గఱదే. కాని పార్టీ వలదన్నది ప్రతివ్యక్తియు దన బుద్ధితో దాను దేల్చుకొనుటకు గాని, ఊరిపెద్ద బుద్ధితో నందఱును దేల్చుకొనుటకు గాదు. అంటరానివారితో సహపంక్తి భోజనములు జరిపినవాడు, దేవుడు లేడని యెలుగెత్తి చెప్పినవాడు ఊరి ఏకాభిప్రాయమును బగులగొట్టినవాడే గదా. గ్రామమంతయు నొక్కమాట మీద నుండుటయే గొప్పయైనచో, ఆనాడు గోరాగారికి ముదునూరులో నోరు మెదపు నవకాశ ముండెడిదా?

ఒక్కమాట మీదనుండు గ్రామములను మా సీమ యెఱుగక పోలేదు. తోట్లవల్లూరు బొమ్మదేవరవారి వల్లూరు జమీ యేలిన చోటు. దివాణములో నిర్ణయమైనది రైతు వాకిట నిర్ణయమైనట్లే యుండెడిది. 1948 నాటి చట్టముతో జమీలు రద్దైనవి. అప్పుడు పోయిన యా ఒక్కమాటను ఇప్పుడు సర్కారు ఖజానానుండి డబ్బిచ్చి మరల దెచ్చుకొనుట మాకు వింతగ దోచుచున్నది.

ఎన్నికల ఖర్చును గూర్చి పెద్దల చింత నిజమైనదే. కాని ఓటున కంత వెల యెందుకు పలుకుచున్నదో వారు విచారింపరు. పదవి చేతిలో నితరుల బ్రదుకు లెన్ని యున్నవో పదవికి అంత వెల. ఇంటిస్థలము, పింఛను, బిల్లు, కాంట్రాక్టు, అన్నియు నొకరి సంతకము చాటున నుంచి, ఆ సంతకమునకై జనులు కొట్టుకొన్న గొట్టుకొందురు. కృష్ణలోని యిసుకనే చూడుడు. 2016లో ఉచితమనిరి, 2019లో ప్రభుత్వసంస్థ యమ్మవలెననిరి, 2021లో ఒక ప్రైవేటు కంపెనీకి గట్టబెట్టిరి, 2024లో మరల ఉచితమనిరి. ఏటి యొడ్డున నున్నవానికి ఏటిలోని యిసుక వెల ఏలికల మార్పును బట్టి మాఱుచున్నప్పుడు, ఏలిక యెవ్వడగునో వానికి బ్రాణసంకటమే. పదవి చేతినుండి పంపకములను దగ్గించినచో సారాయు దగ్గును, పగయు దగ్గును. ఓటును దీసివేసి పంపకములను నిలుపుట వైద్యము గాదు.

మెడ యొకటి గావలెనన్న నాలుకయు నొకటి గావలెను. బెజవాడ స్వరాజ్య పత్రికలోని వ్రాతకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో రాజద్రోహ నేరముపై చెఱసాలకు బోయిరి. బందరున 1902లో పుట్టిన కృష్ణాపత్రిక, ముట్నూరి కృష్ణారావుగారి చేతిలో 1945వఱకు, అట్టి ప్రభుత్వము నీడలోనే తన మాట తాను చెప్పెను. స్వరాజ్యము వచ్చినది, 1950లో వాక్స్వాతంత్ర్యమును రాజ్యాంగమున వ్రాసికొంటిమి, ఏడాదిన్నర నిండక మునుపే, 1951లో, మొదటి సవరణ పేర దానికి గంచెను బెంచితిమి. ఇక మన రాష్ట్రమున 2007లో 938వ నంబరు, 2019లో 2430వ నంబరు ఉత్తర్వులు పుట్టినవి. వార్త తప్పని తోచినప్పుడు పత్రికలపై దావాలు వేయుటకు ఉద్యోగులకు వీనివలన నధికారము కలిగినది. తనపై వచ్చిన వార్తకు తానే తీర్పరియై, జనుల సొమ్ముతో వకీలును బెట్టుకొను భాగ్యము ఏ గృహస్థున కున్నది?

2022లో ఇంకొక మెత్తని మార్గము దొరకెను. గ్రామ వాలంటీర్లు పత్రిక కొనుటకై నెలకు 200 రూపాయలు ఖజానానుండి యిచ్చు నేర్పాటది. ముఖ్యమంత్రి కుటుంబపు పత్రికకే యిది మేలుచేయునని పోటీ పత్రికవారు న్యాయస్థానమున కెక్కిరి. మేమందుము: మేలు ఏ పత్రికకైనను కీడు చదువరికే. తాను రోజును తిట్టుకొను పత్రికకు తన పన్నునుండియే చందా గట్టవలసివచ్చినవాడు చదువరి గాడు, కప్పము గట్టువాడు. 2024 జూనులో ఏలిక మాఱగానే కేబులు తెరలనుండి కొన్ని వార్తాచానెళ్లు మాయమైనవి. టీవీ 9ని మరల జూపుడని ఢిల్లీ హైకోర్టు చెప్పవలసి వచ్చెను. నిన్న చప్పట్లు కొట్టినవారు నేడు గగ్గోలు పెట్టిరి. నిన్న గగ్గోలు పెట్టినవారు నేడు చప్పట్లు కొట్టిరి. తనకు గిట్టని నోటికై నిలిచినవారు ఉభయపక్షములలోను అరుదు.

సభల సంగతియు నంతే. కందుకూరు తొక్కిసలాట పిమ్మట 2023 జనవరి 2న 1861 నాటి పోలీసు చట్టము నాధారముగ గొని రోడ్లపై సభలను నిరోధించు 1వ నంబరు ఉత్తర్వు వెలువడెను. ఆ యేడు మే నెలలో హైకోర్టు దానిని గొట్టివేసినది. మనుజులు చచ్చిన దుఃఖము నిజము. అందుకు దెల్లవారు సిపాయి తిరుగుబాటు తరువాత జేసికొన్న చట్టమే మందుగ దోచుట మాత్రము మన యేలికల మనస్సును దెలుపుచున్నది. ఇక శాసనసభలోనో, 1985 నాటి ఫిరాయింపు నిరోధక చట్టము వచ్చినది మొదలు పార్టీ విప్పునకు విరుద్ధముగ నోటు వేసినవానికి పదవియే పోవును. రాజధానినుండి రచ్చబండవఱకు నొక్కటే మెడ.

కాబట్టి మేము గోరునది యిది. పంచాయతులకు నిధు లిచ్చుటయే ధర్మమైనచో జనసంఖ్యను బట్టి పోటీ జరిగిన యూరికిని జరుగని యూరికిని సమానముగ నిండు. ఒక్కడే నిలిచిన చోటగూడ ఓటుపెట్టె పెట్టుడు. 2013లో సుప్రీముకోర్టు తీర్పువలన శాసనసభ, పార్లమెంటు ఓటరులకు దక్కిన, పై వారెవ్వరును గాదను గడిని వాని పేరు క్రిందను ముద్రింపుడు. ఊరంతయు నిజముగ వానినే కోరినచో ఆ పెట్టెయే యామాట చెప్పును. ఖర్చగునందురా? ఊరూరికిని లక్షలు పంచునప్పుడు రాని ఖర్చు చింత, ఒక చెక్కబల్లకును, ఒక అట్టచాటునకును, కొన్ని కాగితములకును వచ్చినదా?