నౌకాకవచమునకు నిజమైన పరీక్ష

2000 అక్టోబరు 12వ తేదీన ఏడెన్ రేవునందు ప్రేలుడుపదార్థములు నింపిన చిన్నపడవ యొకటి అమెరికా యుద్ధనౌక ‘కోల్’ ప్రక్కను చీల్చగా 17 మంది నావికులు మృతినొందిరి.

రేకు మందమును పెంచినచో ఓడ బరువెక్కి వేగము సన్నగిల్లును. కావుననే శాస్త్రజ్ఞులు రెండు పలుచని రేకులనడుమ తేనెపట్టువంటి గూళ్లనమర్చిన ‘శాండ్‌విచ్’ పలకలను పరీక్షించుచున్నారు. ఆ గూళ్లు తాము నలిగి ప్రేలుడు ధాటిని మ్రింగును.

అయితే ప్రయోగశాలలో చిన్నపలక నిలిచినంతమాత్రమున ఓడ నిలుచునని నమ్మరాదు. రేకును గూటిని కలుపు అతుకే ముందుగా వీడవచ్చును.

2022లో నౌకాదళమున చేరిన ‘విక్రాంత్’కు వలసిన ఉక్కును రూపొందించుటలో హైదరాబాదు రక్షణ లోహపరిశోధనశాల తోడ్పడినది. విశాఖపట్టణమున నౌకాపరిశోధనశాలయు కలదు. ఇట్టి దేశము ఓడభాగమునే కట్టి, నీటిలో ప్రేల్చి చూడవలెనని మేము కోరుచున్నాము. వ్యయమధికమే. కాని పరీక్షలో పగిలిన పలకకు మారుపలక దొరకును. కడలిపాలైన నావికుడు మరలి రాడు.