చదువుడు, చదువనీకి: ఇంగ్లీషు క్రియలు, మన ఇంటి భాషలు

ఇంగ్లీషు అభ్యసించే మన విద్యార్థులను అన్నిటికంటె ఎక్కువగా బాధించేది ఏది అని ప్రశ్నిస్తే కొందరు ఉచ్చారణ అంటారు, కొందరు స్పెల్లింగు అంటారు. అవి బాధించే మాట నిజమే. కాని తప్పుగా పలికిన పదాన్ని ఎదుటివాడు సవరించుకొని అర్థం చేసుకుంటాడు. తప్పు స్పెల్లింగును నేడు యంత్రమే దిద్దిపెడుతున్నది. ఒక క్రియ వెనుక మరొక క్రియ వచ్చినప్పుడు ఆ రెండవదాని ముందు 'టు' పెట్టవలెనా, చివర 'ఇంగ్' చేర్చవలెనా అన్న చోట జరిగే పొరపాటు అటువంటిది కాదు. అక్కడ వాక్యం నిర్దోషంగా కనబడుతూనే అర్థం తలక్రిందులవుతుంది.

'ది పేషెంట్ స్టాప్డ్ టేకింగ్ ది టాబ్లెట్స్' అంటే రోగి మాత్రలు మానివేశాడని అర్థం. 'ది పేషెంట్ స్టాప్డ్ టు టేక్ ది టాబ్లెట్స్' అంటే మాత్రలు వేసుకొనడానికి ఆగాడని అర్థం. మన కళాశాలలో చదివి రేపు నర్సులుగానో ఫార్మసిస్టులుగానో పోదలచినవారు ఈ రెండు వాక్యాలను ఒకసారి పక్కపక్కన వ్రాసుకొని చూడాలి. మొదటివాడికి వెంటనే వైద్యుని సలహా కావాలి. రెండవవాడికి ఒక గ్లాసు మంచినీళ్ళు చాలు.

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఇంగ్లీషు వ్యాకరణంతో ఏమి ప్రసక్తి అని పాఠకులు అడుగవచ్చు. నిజానికి ఈ వ్యాసం ఇంగ్లీషును గురించినది ఎంతో, తెలుగు ఉర్దూలను గురించినది కూడా అంతే. ఇంగ్లీషులో మనవారు తడబడే ఈ భేదం మన రెండు ఇంటి భాషలలోను ఉన్నది. దానిని మనం బాల్యం నుంచి పొరపాటు లేకుండా వాడుతూనే ఉన్నాము. తరగతి గదిలో అడుగుపెట్టగానే, అది మనకు తెలియని విద్య అన్నట్లుగా మొదటి నుంచి కంఠస్థం చేస్తున్నాము. ఇది నాకు ఎంతమాత్రం సమంజసంగా తోచదు.

వరంగల్లు పల్లెలలో మాట్లాడే మాటను గమనించండి. 'వాడు చాయ తాగుడు బంద్ చేసిండు' అంటారు. 'వాడు చాయ తాగనీకి ఆగిండు' అని కూడా అంటారు. ఈ రెండింటిని తారుమారు చేసే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. బడి ముఖం చూడని వృద్ధురాలు సైతం 'తాగుడు' ఎక్కడ, 'తాగనీకి' ఎక్కడ అన్నది తడుముకోదు. ఆ 'తాగుడు' ఇంగ్లీషులోని 'డ్రింకింగ్'. ఆ 'తాగనీకి' ఇంగ్లీషులోని 'టు డ్రింక్'. గ్రంథాలలోనైతే మొదటిదానిని 'త్రాగుట' అని వ్రాసి భావార్థకం అంటాము. రెండవది 'త్రాగను'. దీనిని తుమున్నర్థకం అంటాము. ఆ పేరు పాణిని చెప్పిన 'తుమున్' ప్రత్యయం నుంచి వచ్చినది. పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం ప్రకటించిన నాటి నుంచి మన పండితులు ఈ చర్చను సాగిస్తూనే ఉన్నారు. మన పిల్లలు దానిని పరీక్ష కొరకు చదివి, పరీక్ష హాలులోనే వదలి వస్తున్నారు.

ఉర్దూ ఇండ్ల పిల్లల సంగతి కొంచెం భిన్నమైనది. ఉర్దూలో మస్దర్ ఒక్కటే. 'పఢ్‌నా' అన్న ఒకే రూపం చదవడానికీ చదవడం అన్నదానికీ సరిపోతుంది. అందువలన ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి 'ఐ ఎంజాయ్ టు రీడ్' అని వ్రాస్తే ఆశ్చర్యం లేదు. అతని భాషలో ఆ రెండు ద్వారాలకు ఒకే తాళపుచెవి. కాని ఉర్దూకు మరొక సొగసు ఉన్నది. మస్దర్ తరువాత 'మేఁ', 'సే', 'కా' వంటి విభక్తి మాట రాగానే 'నా' కాస్తా 'నే' అవుతుంది. పఢ్‌నే మేఁ, పఢ్‌నే సే, పఢ్‌నే కా. ఇంగ్లీషులో కూడా 'ఇన్', 'ఫ్రమ్', 'ఆఫ్' వంటి విభక్తి మాట వెనుక క్రియ వస్తే దానికి 'ఇంగ్' తప్పదు. ఇన్ రీడింగ్, ఫ్రమ్ రీడింగ్, ఆఫ్ రీడింగ్. ఉర్దూ విద్యార్థికి ఈ ఒక్క మాట చెబితే సగం భారం తీరుతుంది. ఎక్కడ 'నా' 'నే'గా మారినదో అక్కడ 'ఇంగ్' అని గుర్తు పెట్టుకోవచ్చు. ప్రయోజనాన్ని చెప్పే 'పఢ్‌నే కే లియే' మాత్రం 'టు రీడ్' అవుతుంది. మన దక్కనీలో దానినే 'పఢ్‌నేకు గయా' అంటారు. ఆ 'కు'ను, తెలంగాణ తెలుగులోని 'చదువనీకి'లో ఉన్న 'కి'ని పక్కన పెట్టి చూడండి. మండీబజారులో ఈ రెండు మాటలూ ఒకే దుకాణం ముందు వినబడతాయి.

ఇక్కడ ఇంగ్లీషు చరిత్రలోని విషయం ఒకటి చెప్పకుండా ఉండలేను. నేటి ఇంగ్లీషులో అర్థం లేని గుర్తుగా కనబడే ఈ 'టు' ఒకప్పుడు నిజమైన విభక్తి మాటయే. వేయి సంవత్సరాల క్రితపు ఇంగ్లీషులో క్రియకు చతుర్థీ విభక్తి వంటి ప్రత్యయం చేర్చి, దాని ముందు 'టో' పెట్టి, ఫలానా పని వైపునకు, ఫలానా పని కొరకు అన్న అర్థంలో వాడేవారు. అనగా అది మన 'కి'యే, మన 'కు'యే. ఇక 'ఇంగ్' అన్నది ఆ కాలంలో క్రియ నుంచి నామవాచకాన్ని పుట్టించే ప్రత్యయం. నాటి 'లెయొర్నుంగ్' నేటి 'లెర్నింగ్' అయినది. ఒకటి పని వైపు చూపే వేలు. రెండవది పనిని ఒక వస్తువుగా చేసి చేతికి ఇచ్చే పేరు. ర్యాండల్ఫ్ క్వర్క్, ఆయన సహచరులు 1985లో ప్రకటించిన బృహద్వ్యాకరణంలో, రెండు రూపాలకూ వీలున్న చోట 'టు' రూపం పని జరుగగల అవకాశాన్ని, 'ఇంగ్' రూపం పని జరగడాన్ని సూచిస్తుందని చెప్పినప్పుడు ఆ పాత భేదమే మరొక వేషంలో తిరిగి వచ్చినట్లు నాకు తోచినది.

ఈ సూత్రం చేతిలో ఉంటే అనేక చిక్కులు విడిపోతాయి. 'రిమెంబర్ టు పోస్ట్ ది లెటర్' అంటే ఉత్తరం ఇంకా జేబులోనే ఉన్నది. దానిని వేయాలని గుర్తుంచుకోవాలి. 'ఐ రిమెంబర్ పోస్టింగ్ ది లెటర్' అంటే ఉత్తరం డబ్బాలో పడినది. వేసినట్లు జ్ఞాపకమున్నది. తెలుగు ఈ రెండింటికి ఒకే రూపం వాడదు. 'వేయాలని', 'వేసినట్లు' అని స్పష్టంగా విడదీస్తుంది. తాళం వేయడం మరచిపోయానంటే వేయలేదన్నమాట. కనుక 'ఐ ఫర్‌గాట్ టు లాక్'. రామప్ప గుడిని మొదటిసారి చూడడం మరువలేనంటే చూశానన్నమాట. కనుక 'ఐ షల్ నెవర్ ఫర్‌గెట్ సీయింగ్ రామప్ప'. గమనించండి, ఇక్కడ తెలుగులో రెండు చోట్లా 'అడం' అనే ఉన్నది. రూపాన్ని గుడ్డిగా అనుసరిస్తే దెబ్బ తింటాము. పని జరిగినదా, జరుగవలసి ఉన్నదా అని అడిగితే దారి దొరుకుతుంది.

కోరికలకు, సంకల్పాలకు తెలుగులో 'ఆలని' అన్న రూపం ఉన్నది. చదవాలని ఉన్నది, పోవాలని నిశ్చయించాడు, కలవాలని ఆశిస్తున్నాను. ఇవన్నీ ముందుకు చూసే మాటలు. కనుక ఇంగ్లీషులో వాంట్, డిసైడ్, హోప్ అన్న క్రియల వెనుక 'టు' వస్తుంది. ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్ అన్నవి మాత్రం ఒక పనిని వస్తువుగా పట్టుకొని దానిని ఆనందించడం, ముగించడం, తప్పించుకోవడం. వాటి వెనుక 'ఇంగ్' వస్తుంది. ఈ పోలిక అన్ని చోట్లా కుదురుతుందని నేను అనను. వెళ్ళాలని సూచించాడు అన్నప్పుడు తెలుగులో 'ఆలని' ఉన్నా ఇంగ్లీషులో 'సజెస్టెడ్ గోయింగ్' అనాలి. చదవడం నేర్చుకున్నాడు అన్నప్పుడు తెలుగులో 'అడం' ఉన్నా ఇంగ్లీషులో 'లెర్న్‌డ్ టు రీడ్' అనాలి. ఇటువంటి మినహాయింపులను కంఠస్థం చేయక తప్పదు. అయితే పది మినహాయింపులు కంఠస్థం చేయడం వేరు, రెండు వందల క్రియల జాబితాను కారణం తెలియకుండా కంఠస్థం చేయడం వేరు.

'టు' అసలే రాని చోట్లు కొన్ని ఉన్నవి. 'ఐ కెన్ టు స్పీక్' అని వ్రాసే విద్యార్థిని, 'మాట్లాడగలను' అన్న పదాన్ని విడదీయమని అడగాలి. మాట్లాడ, గలను. మధ్యలో 'కి' లేదు, 'కు' లేదు. వట్టి తుమున్నర్థకం మీద 'గలను' వచ్చి వ్రాలినది. వెళ్ళవలెను, చేయకూడదు, చూడలేను, అన్నీ అంతే. కనుకనే కెన్, మస్ట్, షుడ్ అన్నవాటి వెనుక వట్టి క్రియ. 'నన్ను పోనివ్వు' అన్న మాటలో కూడ 'పోన్' అన్న వట్టి రూపం మీద 'ఇవ్వు' చేరినది. ఇంగ్లీషువాడు కూడా 'లెట్ మీ గో' అనే అంటాడు, 'లెట్ మీ టు గో' అనడు. ఉర్దూవారు ఇక్కడ కొంత జాగ్రత్త వహించాలి. 'కర్ సక్తా హూఁ'లో వట్టి ధాతువే ఉన్నా, 'కర్‌నా చాహియే'లో మస్దర్ వచ్చి 'షుడ్ టు డూ' అనిపిస్తుంది.

ఉద్యోగపు దరఖాస్తులలో కనబడే 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యూ' అన్న వాక్యం గురించి ఒక్క మాట. ఇక్కడి 'టు' క్రియకు చెందినది కాదు, ఇంకా విభక్తి మాటగానే మిగిలి ఉన్నది. ఆ 'టు' వెనుక ఒక నామవాచకం పెట్టి చూడండి. 'లుకింగ్ ఫార్వర్డ్ టు ఈద్' అనవచ్చును. 'వాంట్ టు ఈద్' అనరాదు. నామవాచకం ఇమిడే చోట క్రియ కూడా నామవాచకపు దుస్తులు ధరించే రావాలి. అనగా 'టు హియరింగ్'. ఒక దరఖాస్తుకు ఆఖరి వాక్యమే అధికారి కంటిలో చివరకు మిగిలేది కనుక ఈ మాత్రం శ్రద్ధ అవసరం.

ఇక అసలు విషయానికి వస్తాను. 2022–23 విద్యా సంవత్సరంలో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. ఇంగ్లీషు కావాలన్న కోరికను నేను తప్పుపట్టను. పేదవాని బిడ్డకు అది అన్నం పెట్టే భాష. కాని ఆ కోరిక వెంట మరొక వాదం బయలుదేరినది. తెలుగు ఉర్దూ పీరియడ్లను తగ్గించి, ఆ సమయాన్ని స్పోకెన్ ఇంగ్లీషుకు ఇవ్వాలని కొందరు తల్లిదండ్రులు, కొందరు పెద్దలు అంటున్నారు. ఇంగ్లీషు తరగతిలో ఇంటి మాట వినబడితే జరిమానా వేసే విద్యాసంస్థలు కూడా ఉన్నవి. ఇది వెలుతురు కొరకు దీపంలోని నూనెను ఒలకబోసుకోవడం వంటిది. 'తాగుడు', 'తాగనీకి' అన్న భేదాన్ని నోటనే ఉంచుకున్న పిల్లవానిని నోరు మూసుకొమ్మని చెప్పి, అదే భేదాన్ని పరాయి మాటలలో వల్లింపజేయడం ఏ బోధనా పద్ధతి?

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తొలినాళ్ళలో బోధన ఉర్దూలో జరిగినా ఇంగ్లీషు ప్రతి విద్యార్థికి తప్పనిసరి విషయంగా ఉండేది. ఒకటి ఉండడానికి మరొకటి పోవలసిన అవసరం నాటి పెద్దలకు కనబడలేదు. అటు తెల్లవారి సంగతి చూడండి. క్యాంబెల్ 1816లోను, బ్రౌన్ 1840లోను తెలుగుకు వ్యాకరణాలు వ్రాసినప్పుడు వాటిని తమ ఇంగ్లీషులోనే వ్రాశారు. తమ భాష నుంచి మన భాషలోనికి నిచ్చెన వేసుకున్నారు. మనం వారి భాషలోనికి నిచ్చెన లేకుండా దూకాలట! హనుమకొండలో జీవించిన కాళోజీ నారాయణరావుగారు పలుకుబడుల భాషకు గౌరవం కావాలని జీవితమంతా పోరాడారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆ రోజున పూలమాల వేసి, మరునాడు 'చదువనీకి' అన్న పిల్లవానిని చూచి నవ్వడం మనకు శోభించదు.

కళాశాల పాలక సంఘం వారికి నా మనవి చాలా చిన్నది. దీనికి కొత్త నియామకాలు అక్కరలేదు, కంప్యూటర్లు అక్కరలేదు. మొదటి సంవత్సరపు విద్యార్థులకు వారానికి ఒక పీరియడు ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ అధ్యాపకులు ముగ్గురూ కలసి నిర్వహించేటట్లు కాలపట్టికలో చోటు కల్పించండి. ప్రతి విద్యార్థి ఒక నోటుపుస్తకంలో ప్రతి పుటను మూడు నిలువు గడులుగా గీసుకొని, తన ఇంట్లో నిజంగా వినబడిన ఒక వాక్యాన్ని తెలుగులోనో దక్కనీలోనో వ్రాసి తెస్తాడు. మిగిలిన రెండు గడులను తరగతి అంతా కలసి పూరిస్తుంది. తెలుగు పిల్లవాడు తన 'వేసినట్లు' అన్నదాన్ని ఉర్దూ పిల్లవానికి వివరిస్తాడు. ఉర్దూ పిల్లవాడు తన 'నే'ను ఇతనికి చూపుతాడు. కుదరని వాక్యాలను, అనగా సజెస్ట్, లెర్న్ వంటి మొండివాటిని, చివరి పుటలలో వేరుగా వ్రాసుకోవాలి.

శనివారం చివరి పీరియడు ఇప్పుడు ఎవరికీ కేటాయించి లేదు. పాలక సంఘం అనుమతిస్తే వచ్చే విద్యా సంవత్సరం మొదటి వారం నుంచే దానిని ఇందుకు వినియోగించుకోవచ్చును.