నూతన సంపాదకవర్గము - పాత తెర

ఒక శాస్త్రపత్రికకు సంపాదకులు మాఱిరన్న వార్త మన లోగిళ్లలో చర్చకు రాదు. వచ్చినను, ఎవరు పోయిరి, ఎవరు వచ్చిరి అను రెండు ప్రశ్నలతో ముగియును. పోయినవారికి శాలువ, వచ్చినవారికి పూలదండ. ఈ యలవాటు మాకు సమ్మతము కాదు. సంపాదకుని పేరుకంటె ఆతని చేతికిచ్చిన నిబంధనలు ముఖ్యములని మా పక్షము. నిదర్శనముగా అమెరికా అర్థశాస్త్ర సంఘమువారి 'అమెరికన్ ఎకనమిక్ రివ్యూ'ను తీసికొందము.

ఈ పత్రిక 1911లో వెలసినది. తొలి సంపాదకుడు డేవిస్ డ్యూయీ 1940 వఱకు ఆ పీఠమున నుండెను. ఇంగ్లండులో కీన్సు పండితుడును 1911లోనే 'ఎకనమిక్ జర్నల్' పగ్గములు గైకొని 1945 వఱకు విడువలేదు. అంతటి మహానుభావుడు గద్దెపై నుండగా కాలపరిమితి యెందుకని కొందఱందురు. ఆయన గుణగ్రహణశక్తిని మేమును కాదనము. ఇరువదినాలుగేండ్ల ఫ్రాంక్ రాంసే వ్రాసిన పన్నుల సిద్ధాంతమును 1927లో ప్రకటించినది ఆ పత్రికయే. కాని స్వీడను యువకుడు బెర్టిల్ ఓలీన్ పంపిన వ్యాసమును సారహీనమని త్రోసివేసినదియు ఆ కీన్సే. ఆ యువకుని వాణిజ్య సిద్ధాంతము 1933లో గ్రంథరూపము దాల్చి, 1977లో నోబెలు బహుమానమును తెచ్చినది. గొప్పవాడును పొరబడును, అందుచేతనే ఒక్కని యభిరుచి ముప్పదినాలుగేండ్లు ద్వారపాలకత్వము చేయరాదనుచున్నాము.

సంపాదకులు పలువురైనంతనే దోషము తీఱునా? అదియు లేదు. పాత మోటారుకార్ల బేరమును గూర్చి జార్జి అకర్లాఫ్ వ్రాసిన వ్యాసమును మూడు పత్రికలు త్రిప్పి పంపినవి. అందు మన రివ్యూ ఒకటి. 1970లో నాలుగవ పత్రిక అచ్చువేసినది; 2001లో ఆతనికి నోబెలు బహుమానము వచ్చినది.

ఇక 2011 మాట. ఆ యేట పినెలోపి గోల్డ్‌బర్గు రివ్యూకు ప్రధాన సంపాదకురాలయ్యెను. నూఱేండ్లలో ఆ పీఠమెక్కిన తొలి స్త్రీ ఆమెయే. స్త్రీవిద్యకై తరతరములు వాదించిన కుటుంబములవారు దీనికి సంతోషింపక యుండగలరా? మేమును సంతోషించితిమి. కాని ఆ యేటనే, సంపాదకుల సిఫారసుపైననే, సంఘమువారు మఱియొక పని చేసిరి. వ్యాసకర్త పేరు పరీక్షకునకు తెలియకుండ దాచు పద్ధతిని తమ పత్రికలన్నిటను ఎత్తివేసిరి. అంతర్జాలమున వెదకినచో పేరు ఎట్లును దొరకునట! ఎలుకపై కోపముతో ఇల్లు తగులబెట్టుకొనుట యన నిదియే. మేము విద్యార్థుల పరీక్షాపత్రములు దిద్దువారము. చేతివ్రాతను బట్టి మా పిల్లలను పెక్కుమారులు పోల్చగలము. అంతమాత్రమున సంఖ్య మాని పేరే వ్రాయుడని యే పరీక్షాధికారియైన ననునా?

దాచుటవలన ఫలము లేదనుటయు నిజము కాదు. 1987 మొదలు రెండేండ్లు ఆ రివ్యూలోనే జరిగిన ప్రయోగమును రెబెక్కా బ్లాంక్ 1991లో ప్రకటించెను. పేరు తెలియనపుడు పరీక్షకులు మఱింత కఠినముగ విమర్శించిరి, అంగీకృతములు తగ్గినవి. అత్యున్నత విద్యాలయములవారికిని, చిన్న కళాశాలలవారికిని పెద్ద భేదము కనబడలేదు. నష్టపడినవారు అగ్రశ్రేణికి ఒక మెట్టు దిగువనున్న వారు. అనగా వారి యూరి పేరు అంతవఱకు వారికి కొంత దన్నుగా నుండెనన్నమాట.

మన శాస్త్రార్థసభలలో వాది ప్రతివాదులు ముఖాముఖి కూర్చుందురు. ఎవరేమనిరో సభయంతయు వినును. పరీక్షలో ఇద్దఱును తెరచాటున నుందురు. రెండును న్యాయమార్గములే. ఈ పత్రికలలో నిప్పుడు తెర యొకనికే కలదు, అదియు బలవంతునకు. వ్యాసము వ్రాసిన పడుచువాని పేరు, ఊరు, గురువు పరీక్షకునకు తెలియును. తన యుద్యోగమును తేల్చు ఆ పరీక్షకు డెవరో వానికి మాత్రము తెలియదు.

పండితుల తగవు గృహస్థులకేల యందురేమో. 2010లో ఆ రివ్యూ మే సంచికలో రైన్‌హార్ట్, రోగాఫ్ అను నిద్దఱు, ప్రభుత్వ ఋణము జాతీయాదాయములో నూటికి 90 దాటిన దేశములలో వృద్ధి క్రుంగునని వ్రాసిరి. వ్యయములు తగ్గింపదలచిన మంత్రులకు అది గొప్ప ఆధారమైనది. ఆ సంచిక సమావేశపత్రములది. వాడుకగా జరుగు పరీక్ష వానికి లేదు. మంత్రులు ఆ భేదము నెంచిరా? 2013లో థామస్ హెర్న్‌డన్ అను విద్యార్థి మూలపు లెక్కపట్టికను తెప్పించుకొని చూడగా, అయిదు దేశముల యంకెలు సగటులో చేరనే లేదు. అతడును, అతని యుపాధ్యాయులును తక్కిన లోపములను గూడ దిద్దగా, సున్నకు దిగువ 0.1 అని చూపిన వృద్ధి 2.2 శాతమైనది. గ్రంథకర్తలు పట్టికలోని తప్పు నొప్పుకొనిరి. సిద్ధాంతమును మాత్రము విడువలేదు. ఇట్టి లెక్కలపై పింఛనులును, ఆసుపత్రి పద్దులును కోతపడునపుడు నష్టము గృహస్థునిదే కదా.

సంఘమువారు 2018లో అంకెల పట్టికల తనిఖీకై ప్రత్యేక సంపాదకుని నియమించిరి. మెచ్చదగిన పని. అట్లే నూతనముగా వచ్చు ఏ సంపాదకవర్గమైనను తమ పదవికి గడువెంతో, తిరస్కారమునకు కారణమెంత వివరముగ దెల్పుదురో, తమ సహచరుల, శిష్యుల వ్యాసములను ఎవరిచే పరీక్షింపజేయుదురో మొదటి సంచికలోనే అచ్చువేయవలయును. 1886 నుండి హార్వర్డు అర్థశాస్త్రశాఖ చేతిలోనే యున్న 'క్వార్టర్లీ జర్నల్' వారిని ఈ కడపటి ప్రశ్న ముందుగా నడుగవలసియున్నది.