లేటైన ప్రాజెక్టుకి మనుషులే మందా?

ప్రాజెక్టు లేటైందంటే చాలా ఆఫీసుల్లో మొదట వినిపించే మాట 'ఇంకో ఐదుగుర్ని వేద్దాం'. కొత్తగా చేరిన మీరూ ఆ ఐదుగురిలో ఉండొచ్చు! అలా మనుషుల్ని కలిపితే పని ఇంకా లేటవుతుందని, ఐబీఎంలో ఓఎస్/360 తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే పుస్తకం రాసి మరీ చెప్పారు. కొత్తవాళ్లకి పని నేర్పాల్సింది పాతవాళ్లే కదా. పైగా 5 మంది టీమ్‌లో ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 10. అదే 10 మందైతే 45! మీటింగులతోనే పొద్దు గూకుతుంది.

గడువు దాటేలా ఉంటే ముందే నోరు విప్పండి. ఈ రిలీజ్‌కి ఏ ఫీచర్లు తప్పనిసరో, ఏవి ఆగొచ్చో క్లయింట్‌తో తేల్చమని లీడ్‌ని అడగండి. స్టాండప్ మీటింగ్‌లో '90 శాతం అయిపోయింది' అనకండి. ఏ టెస్టులు పాసయ్యాయో, ఏది ఇంకా మొదలే కాలేదో చెప్పండి.